రెండు చట్టాల నడుమ సందులో ఎవరు పడతారు?



చుండూరు తీర్పుల మీద రాస్తానని పోయిన భాగంలో చెప్పాను. అది వచ్చే వారానికి జరుపుతున్నాను. ఈ వారం ఒక ఫొటో, ఒక ఫోన్ నన్ను కూర్చోనివ్వలేదు.

ముందు ఫొటో. యూనివర్సిటీలో నాకు సీనియర్, ఇప్పుడు అమెరికాలో స్థిరపడ్డ ఒక పెద్దమనిషి డెన్వర్‌లో గంజాయి దుకాణం ముందు నిలబడి నవ్వుతూ దిగాడు. ఇదీ నాగరిక దేశమంటే, ఇవీ రాష్ట్రాల హక్కులంటే, మనవాళ్ళకు ఎప్పుడు బుద్ధొస్తుందో అని కింద రాసుకున్నాడు. మూడు వందల లైకులు. ఆయనకింకా పౌరసత్వం రాలేదు, గ్రీన్ కార్డు మీదున్నాడు. ఆ ఫొటో ఇమ్మిగ్రేషన్ అధికారి ముందుకొస్తే ఏమవుతుందో ఆయనకు తెలియదు. చట్టం ఎక్కడ కరుస్తుందో తెలుసుకోవాల్సిన అవసరం ఆయన పుట్టిన కులంలో ఎప్పుడూ రాలేదు మరి.

ఇక ఫోన్. మా కాలేజీలో డిగ్రీ చదివి అమెరికా వెళ్ళిన పిల్లాడు. మాదిగపల్లె నుంచి వెళ్ళాడు. తండ్రిది తాపీ పని. ఇంటి కాగితాలు బ్యాంకులో ఉన్నాయి. చికాగోలో ఎమ్మెస్ అయిపోయింది. చదువు తర్వాత ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే గడువును అక్కడ ఓపీటీ అంటారు. ఆ గడువులో పని లేకుండా మొత్తం 90 రోజులకు మించి ఉండకూడదు. వాడి లెక్క 60 దాటాక ఒక ఆఫర్ వచ్చింది. వరసగా గంజాయి దుకాణాలు నడిపే కంపెనీ. సరుకు లెక్కలు చూసే డేటా పని. ఇల్లినాయ్‌లో 2020 జనవరి 1 నుంచి ఇదంతా చట్టబద్ధమే, భయపడకు అన్నారట కంపెనీవాళ్ళు.

"సార్, చేరమంటారా? నాన్నకి ఇంకా చెప్పలేదు. గంజాయి కంపెనీ అంటే ఏమనుకుంటాడో."

నా డాక్టరేట్ తెలుగు సాహిత్యంలో. ఛందస్సు అడిగితే చెప్తాను, అమెరికా మాదకద్రవ్యాల చట్టం నాకేం తెలుసు? కానీ వాడికి అడగడానికి ఇంకెవరూ లేరు. మన పిల్లలకు అక్కడ బాబాయిలు, మేనమామలు, కులసంఘాల మహాసభలు ఉండవు. లాయరు ఒక గంటకు తీసుకునే ఫీజుతో వాడికి నెల తిండి గడుస్తుంది. అందుకని మూడు రాత్రులు కూర్చుని చదివాను.

మనవాళ్ళు 'అమెరికాలో గంజాయి లీగల్' అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. అమెరికాలో కాదు, అమెరికాలోని కొన్ని రాష్ట్రాల్లో. 1996లో కాలిఫోర్నియా ఓటర్లు వైద్యానికి తలుపు తీశారు. 2012లో కొలరాడో, వాషింగ్టన్ ఓటర్లు సరదాకి కూడా తీశారు. 2023 చివర ఒహాయోతో కలిపి అలాంటి రాష్ట్రాలు 24 అయ్యాయి. వీటన్నిటి నెత్తిన ఫెడరల్ ప్రభుత్వం 1970లో చేసిన చట్టం ఉంది. అందులో గంజాయిని షెడ్యూల్ 1లో హెరాయిన్ పక్కన కూర్చోబెట్టారు. కొకైన్ షెడ్యూల్ 2లో ఉంది. అంటే కాగితం మీద కొకైన్ కన్నా గంజాయే ప్రమాదకరం! సొంతానికి కాస్త దగ్గరుంచుకోవడం నేరం కాకూడదని 1972లో నిక్సన్ వేసిన షేఫర్ కమిషనే చెప్పింది. నిక్సన్ దాన్ని మూలన పడేశాడు. షెడ్యూల్ 3కి దించుదామని 2024 మేలో ఫెడరల్ ప్రభుత్వమే ప్రతిపాదించింది. అలా దించినా వీధిలోని దుకాణం ఫెడరల్ చట్టం ముందు చట్టబద్ధం అయిపోదు. షెడ్యూల్ 3 అంటే డాక్టరు చీటీ మీద మందుల షాపులో అమ్మే సరుకు.

ఒకే వీధిలో, ఒకే దుకాణం, రాష్ట్రం దృష్టిలో వ్యాపారం, ఫెడరల్ ప్రభుత్వం దృష్టిలో నేరం. ఇది ఎలా నిలబడింది?

2002 ఆగస్టు. కాలిఫోర్నియాలో డయాన్ మాన్సన్ అనే ఆవిడ నడుంనొప్పికి డాక్టరు సలహా మీద ఇంట్లో ఆరు గంజాయి మొక్కలు పెంచుకుంటోంది. కౌంటీ పోలీసులూ ఫెడరల్ ఏజెంట్లూ కలిసి వచ్చారు. కౌంటీ పోలీసులు చూసి, మా రాష్ట్ర చట్టం ప్రకారం తప్పేం లేదన్నారు. ఫెడరల్ ఏజెంట్లు మా చట్టం ప్రకారం తప్పే అన్నారు. ఆవిడ ఇంటి దగ్గర మూడు గంటలు వాదులాట. చివరికి ఫెడరల్ వాళ్ళు ఆరు మొక్కలూ పీకి నాశనం చేశారు. ఆవిడా, ఏంజెల్ రైచ్ అనే మరో రోగీ కోర్టుకెక్కారు. 2005లో సుప్రీంకోర్టు ఆరుగురు ఒకవైపు, ముగ్గురు ఒకవైపుగా ఫెడరల్ ప్రభుత్వమే నెగ్గిందని తేల్చింది.

కారణం వినండి. రాష్ట్రాల మధ్య జరిగే వాణిజ్యాన్ని నియంత్రించే అధికారం రాజ్యాంగం కాంగ్రెస్‌కు ఇచ్చింది. పెరట్లో మొక్క అమ్మకానికి కాదు, రాష్ట్రం దాటలేదు. అయినా అలాంటి పెరళ్ళన్నీ కలిస్తే దేశపు మార్కెట్ మీద ప్రభావం పడుతుంది కాబట్టి అదీ కాంగ్రెస్ చేతికిందకే వస్తుందట. 1942లో రాస్కో ఫిల్బర్న్ అనే రైతు తన పొలంలో తన అవసరానికి అదనంగా పండించుకున్న గోధుమలకు వేసిన జరిమానా కేసు దీనికి తాత. రాష్ట్రాల హక్కుల గురించి ఎప్పుడూ మాట్లాడే జస్టిస్ స్కాలియా ఆ రోజు కేంద్రం పక్షాన నిలబడ్డాడు. నల్లజాతికి చెందిన జస్టిస్ క్లారెన్స్ థామస్ వ్యతిరేకించాడు. చాలా విషయాల్లో ఆయనతో నాకు చుక్కెదురే. ఇక్కడ మాత్రం ఒప్పుకుంటాను.

కోర్టు గెలిపించినా ఫెడరల్ ప్రభుత్వం ఆ దుకాణాలన్నీ మూయించలేదు. రాష్ట్ర పోలీసులకు, మా చట్టం మీరు అమలుచేయండి అని ఆజ్ఞాపించే అధికారం దానికి లేదు. 1997లో సుప్రీంకోర్టు ఆ మాట గట్టిగా చెప్పింది. సొంత ఏజెంట్లు వీధివీధికీ చాలరు. అందుకని 2013 ఆగస్టులో న్యాయశాఖ డిప్యూటీ అటార్నీ జనరల్ జేమ్స్ కోల్ ఒక మెమో రాశాడు. పిల్లలకు అమ్మకుండా, ముఠాల చేతికి పోకుండా, పక్క రాష్ట్రాలకు దాటకుండా చూసుకుంటే మేం పెద్దగా పట్టించుకోం అని దాని సారాంశం. చట్టం కాదు, ఒట్టి ఉత్తరం. ఆ ఉత్తరం మీద ఒక పరిశ్రమ లేచింది. 2018 జనవరిలో జెఫ్ సెషన్స్ ఇంకో ఉత్తరం రాసి దాన్ని కొట్టేశాడు. వైద్య గంజాయి జోలికి పోవడానికి న్యాయశాఖ డబ్బు ఖర్చుపెట్టకూడదని 2014 నుంచి బడ్జెట్‌లో ఒక వాక్యం చేరుస్తున్నారు. సరదా గంజాయికి ఆ వాక్యం కూడా లేదు.

చూసీ చూడనట్టు పోవడం. మన ఊళ్ళ వాళ్ళకు ఈ పద్ధతి కొత్తగా చెప్పాలా? చెరువు శిఖం భూమిలో పెద్దరెడ్డి రొయ్యల చెరువు తవ్వితే అధికారి చూసీ చూడడు. అదే గట్టు మీద మనం గుడిసె వేస్తే ఆ సాయంత్రానికే జేసీబీ వస్తుంది. చట్టం ఒకటే. చూపు వేరు.

అమెరికాలో ఆ చూపు ఎవరి మీద పడుతుందో లెక్కలున్నాయి. అమెరికన్ సివిల్ లిబర్టీస్ యూనియన్ 2013 నివేదిక ప్రకారం, గంజాయి దగ్గరున్నందుకు నల్లవాళ్ళు అరెస్టయ్యే అవకాశం తెల్లవాళ్ళ కన్నా 3.73 రెట్లు. వాడకం మాత్రం ఇద్దరిలో దాదాపు సమానం. 2001 నుంచి 2010 దాకా గంజాయి అరెస్టులు 82 లక్షలు, అందులో 88 శాతం కేవలం దగ్గర ఉంచుకున్నందుకే. 2020లో మళ్ళీ లెక్కేస్తే 3.73 కాస్తా 3.64 అయింది. ఏడేళ్ళలో వచ్చిన మార్పు అది.

ఇప్పుడు సందులోకి చూడండి. అందులో ఎవరెవరు పడ్డారో.

బ్రాండన్ కోట్స్ కొలరాడో మనిషి. ఆక్సిడెంట్‌లో కాళ్ళూ చేతులూ పడిపోయి చక్రాల కుర్చీలో ఉండి ఫోన్లో కస్టమర్లకు జవాబులిచ్చే ఉద్యోగం చేసేవాడు. కండరాలు బిగుసుకుపోతుంటే రాష్ట్రం ఇచ్చిన కార్డుతో ఇంట్లో గంజాయి వాడేవాడు. 2010లో కంపెనీ పరీక్ష చేసి తీసేసింది. ఉద్యోగం బయట చేసే చట్టబద్ధమైన పనికి ఎవరినీ తీసేయకూడదని కొలరాడోలో చట్టం ఉంది. 2015లో ఆ రాష్ట్ర సుప్రీంకోర్టే, చట్టబద్ధం అంటే రాష్ట్రానికీ ఫెడరల్‌కీ రెండిటికీ చట్టబద్ధం కావాలి అని చెప్పి ఆయన్ని ఓడించింది. ఆయన రాష్ట్రం ఇచ్చిన కార్డు ఆయన ఉద్యోగాన్ని కాపాడలేకపోయింది.

ప్రభుత్వ సాయంతో నడిచే ఇళ్ళలో ఉండే పేదలు ఇంకో గుంపు. ఆ ఇళ్ళకు డబ్బు ఫెడరల్‌ది, కాబట్టి నియమమూ ఫెడరల్‌దే. సొంతిల్లున్నవాడు తన వసారాలో దర్జాగా కాల్చుకోవచ్చు. అదే ఊళ్ళో ప్రభుత్వ ఇంట్లో ఉండే ముసలావిడ కీళ్ళనొప్పులకు వాడితే ఇల్లు పోయే ప్రమాదం. ఇంటి గోడను బట్టి నేరం.

ఆ తర్వాత మా పిల్లాడిలాంటి వాళ్ళు. వలస చట్టం పూర్తిగా ఫెడరల్. పౌరుడు కానివాడు గంజాయి వాడానని నోటితో ఒప్పుకుంటే చాలు, శిక్ష పడకపోయినా దేశంలోకి రానివ్వకపోవచ్చు. రాష్ట్రం పాత శిక్షను చెరిపేసినా ఇమ్మిగ్రేషన్ లెక్కలో అది మామూలుగా చెరిగిపోదు. 2019 ఏప్రిల్‌లో పౌరసత్వ శాఖ ఒక మార్గదర్శకం ఇచ్చింది. రాష్ట్రంలో చట్టబద్ధమైనా సరే, గంజాయి పరిశ్రమలో ఉద్యోగం చేయడం కూడా పౌరసత్వానికి కావాల్సిన మంచి నడవడికకు అడ్డు కావచ్చని అందులో ఉంది. మంచి నడవడిక! దుకాణంలో వాటా ఉన్న పౌరుడికి నడవడిక పరీక్ష లేదు. బిల్లు కొట్టే వలస కూలీకి ఉంది. 2022 అక్టోబర్‌లో బైడెన్ క్షమాభిక్ష ప్రకటిస్తే మనవాళ్ళు చప్పట్లు కొట్టారు. అది పౌరులకు, గ్రీన్ కార్డు వాళ్ళకు మాత్రమే. పైగా కేవలం గంజాయి దగ్గరున్నందుకు ఫెడరల్ జైల్లో ఉన్నవాడు అప్పటికి ఒక్కడూ లేడని శ్వేతసౌధమే చెప్పింది. అంటే జైలు తలుపు తెరిస్తే బయటికొచ్చినవాడు ఎవడూ లేడు.

మరి ఆ సందును దాటి అవతలికి నడిచిపోయిందెవరు?

2018 ఏప్రిల్ ఒక్క నెల తీసుకోండి. అమెరికా ప్రతినిధుల సభ మాజీ స్పీకర్ జాన్ బేనర్ ఆ నెలలో ఏక్రేజ్ హోల్డింగ్స్ అనే గంజాయి కంపెనీ సలహా మండలిలో చేరాడు. గంజాయిని చట్టబద్ధం చేయడానికి తాను తిరుగులేని వ్యతిరేకినని 2011లో చెప్పిన మనిషే. ఆలోచన మారిందట. సరిగ్గా అదే నెలలో లూసియానా జైలు నుంచి బెర్నార్డ్ నోబుల్ అనే నల్లజాతి మనిషి బయటికొచ్చాడు. 2010లో పట్టుబడ్డాడు. దొరికింది సుమారు 3 గ్రాములు, రెండు చుట్టలకు సరిపడే గంజాయి. పడిన శిక్ష 13 ఏళ్ళ పైచిలుకు. ఏడేళ్ళకు పైగా అనుభవించాక పెరోల్. ఆయన పిల్లలు ఈలోగా పెద్దవాళ్ళయ్యారు.

ఒకడు ఆలోచన మార్చుకుని కంపెనీలో చేరాడు. రెండోవాడికి మార్చుకోవడానికి ఏముంది?

నోబుల్‌ని జైల్లో వేసింది ఫెడరల్ చట్టం కాదని గమనించండి. లూసియానా రాష్ట్రం. అమెరికాలో గంజాయి అరెస్టుల్లో అత్యధికం రాష్ట్ర, స్థానిక పోలీసులవే. మా సీనియర్ గారి 'రాష్ట్రాల హక్కులు' ఇవి కూడా. ఆ మాటకొస్తే అమెరికాలో రాష్ట్రాల హక్కులు అనే మాట ఎవరి నోటినుంచి పుట్టింది? బానిసల్ని ఉంచుకునే హక్కు మా రాష్ట్రానిది అన్నవాళ్ళ నోట. నల్లపిల్లల్ని తెల్లబడిలోకి రానివ్వం అన్నవాళ్ళ నోట. 1957లో లిటిల్ రాక్‌లో తొమ్మిది మంది పిల్లలు బడి మెట్లెక్కడానికి ఫెడరల్ సైన్యం రావాల్సివచ్చింది. 1964లో అట్లాంటాలో నల్లవాళ్ళకు గదులివ్వనన్న హోటల్ మెడలు వంచడానికి సుప్రీంకోర్టు వాడిన ఆయుధం ఏమిటో తెలుసా? అదే వాణిజ్య అధికారం. డయాన్ మాన్సన్ మొక్కలు పీకిన చెయ్యీ, అట్లాంటా హోటల్ తలుపు తీసిన చెయ్యీ ఒకటే.

బాబాసాహెబ్ 1946 డిసెంబర్‌లో రాజ్యాంగ సభలో బలమైన కేంద్రం కావాలన్నారు. గ్రామాన్ని మెచ్చుకునేవాళ్ళను 1948 నవంబర్‌లో కడిగిపారేశారు. ఎస్సీ, ఎస్టీ అత్యాచారాల నిరోధక చట్టం కేంద్ర చట్టం. దాన్ని మూలన పడేసేది రాష్ట్ర పోలీస్ స్టేషన్. కాబట్టి రాష్ట్రం పేరు వినగానే పూలమాల వేయడం మనకు చేతకాదు. కేంద్రాన్ని తల్లీ అని కూడా పిలవలేం. మనం అడగాల్సింది, ఈ పెనుగులాటలో ఎవరి ఇంటి మీద దెబ్బ పడుతోందని.

ఇల్లినాయ్ చట్టం చేసేటప్పుడు ఈ ప్రశ్న అడిగినట్టే కనిపించింది. పాత కేసులు చెరుపుతాం, ఎక్కువగా నలిగిన పేటలవాళ్ళకు లైసెన్సుల్లో ముందుచోటు ఇస్తాం అన్నారు. మంచిదే. జరిగిందేమిటి? 2020 జనవరి 1న దుకాణాలు తెరిచింది అప్పటికే వైద్య గంజాయి అమ్ముతున్న కంపెనీలు. న్యాయం పేరుతో ఇచ్చిన లైసెన్సుల తొలి దుకాణాలు తెరుచుకునేసరికి 2022 చివరకొచ్చింది. ఈలోగా మార్కెట్ ఎవరిదైందో చెప్పాలా? పైగా ఫెడరల్ చట్టం కింద నేరం కాబట్టి చాలా బ్యాంకులు అప్పివ్వవు. అద్దె, జీతాల్లాంటి మామూలు ఖర్చులు కూడా ఆదాయంలోంచి తీసివేయనివ్వని పన్ను నిబంధన ఒకటి 1982 నుంచి ఉంది. తాత ఆస్తి ఉన్నవాడు బ్యాంకు లేకుండా నెట్టుకొస్తాడు. జైలు నుంచి వచ్చినవాడి తాత ఏమిచ్చాడు? మనకిచ్చిన డీకేటీ పట్టాల కథే ఇది. కాగితం మన పేరున, సాగు ఎవరిదో.

ఇక్కడ ఒక మిత్రుడు ఆపుతాడు. "అన్నా, అమెరికా సంగతి సరే, మన పేటల్లో గంజాయి పిల్లల్ని తినేస్తోంది. నువ్వు దాన్ని సమర్థిస్తున్నావా?"

లేదు తమ్ముడూ. నా దగ్గర చదివిన ఇద్దరిని ఆ మత్తు ఎక్కడికి తీసుకెళ్ళిందో నేను కళ్ళారా చూశాను. ఒకడి తల్లి ఇప్పటికీ కాలేజీ గేటు దగ్గర కనిపిస్తే నన్ను ఆపి, వాడు బాగా చదివేవాడు కదు సార్ అని అడుగుతుంది. ఆ తల్లికి జవాబు చెప్పలేను. కానీ ఆ పిల్లల్ని పోలీసులు కొట్టి కేసు పెట్టడం వల్ల మత్తు వదల్లేదు, చదువు వదిలింది. చికిత్సకు ఒప్పుకున్న వ్యసనపరుడికి కేసు నుంచి మినహాయింపు మన ఎన్‌డీపీఎస్ చట్టంలోనే 64ఏ సెక్షన్‌లో ఉంది. ఆ సంగతి ఇంజనీరింగ్ కాలేజీ పిల్లాడి తండ్రి తెచ్చుకునే లాయరుకు తెలుసు. మా పేట తల్లికి ఎవరు చెప్పారు?

ఆ చట్టం పుట్టిన ఏడాది చూడండి. 1985. కారంచేడు జరిగిన ఏడాది. జూలైలో కారంచేడు, సెప్టెంబర్‌కల్లా గంజాయి మీద కఠినమైన చట్టం తయారు. మనుషుల్ని వెంటాడి చంపినదాని మీద చట్టానికి 1989 దాకా ఆగాం. ఇంకో తమాషా, ఆ చట్టం గంజాయికి ఇచ్చిన నిర్వచనంలో పూతకంకి ఉంది, ఒట్టి ఆకు లేదు. ఆకుతో చేసే భంగు కాబట్టి బయటపడింది. ఉత్తరాదిలో ప్రభుత్వ లైసెన్సుతో భంగు దుకాణాలున్నాయి, హోలీకి శివుడి ప్రసాదమని తాగుతారు. ఒకే మొక్క. ఆకు ప్రసాదమైంది, కంకి పాపమైంది. పాడేరు, చింతపల్లి కొండల్లో ఆ కంకి మోసిన ఆదివాసి దగ్గర 20 కిలోలు దాటితే కనీసం పదేళ్ళు, బెయిలు దొరకడం గగనం. 2022 ఫిబ్రవరిలో అనకాపల్లి దగ్గర దాదాపు 2 లక్షల కిలోలు కుప్పపోసి తగలబెట్టారు. పెట్టుబడి పెట్టినవాడు ఆ మంటలో కనిపించలేదు. రేపు మన దేశంలోనూ ఏదో ఒక రాష్ట్రం వైద్యమనో పరిశ్రమ అనో తలుపు తీస్తుంది. ఆ రోజు లైసెన్సు పట్టుకుని వచ్చేవాళ్ళ ఇంటిపేర్లు నేనిప్పుడే రాసివ్వగలను. అందుకే ఇప్పుడే అడుగుతున్నాను. ముందు జైళ్ళు ఖాళీ చేయండి, కేసులు చెరపండి, కొండ మీద పండించినవాడికి మొదటి లైసెన్సు ఇవ్వండి. దుకాణం ఆ తర్వాత తెరుద్దురుగాని.

పిల్లాడికి ఇదంతా చెప్పలేదు. అంత సేపు ఫోన్లో ఎవరు వింటారు? ఆ ఉద్యోగంలో చేరితే రేపు వీసా మార్చుకునేటప్పుడు, అమ్మను చూడటానికి వచ్చి తిరిగి వెళ్ళేటప్పుడు, ఏ రోజైనా అడగొచ్చురా అన్నాను. యూనివర్సిటీలో ఉచితంగా సలహా ఇచ్చే న్యాయసహాయ కేంద్రం ఉందేమో కనుక్కోమన్నాను. వాడు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "మరి ఆ కంపెనీ ఓనర్‌ని ఎవరూ అడగరా సార్?" అన్నాడు.

ఆఫర్ వదిలేశాడు. మా సీనియర్ గారి ఫొటో ఇంకా అలాగే ఉంది, లైకులు నాలుగు వందలు దాటాయి. నిన్న రాత్రికి మా వాడి లెక్కలో 90కి 78 రోజులు అయిపోయాయి. డేటా పని ఎవరికైనా తెలిస్తే, గంజాయి కంపెనీ కాకుండా, నాకు కబురు పెట్టండి.